శ్రోతగారు వేదిక ఎక్కిన సాయంత్రం

“కళ లేనిదే ఊరు లేదు! ఊరు లేనిదే మనం లేము! మనమే లేకపోతే కళ ఎక్కడిది?” అని కళాకేంద్రం అధ్యక్షులవారు గర్జించారు. వేదిక మీదున్న పదిహేనుమందీ చప్పట్లు కొట్టారు. వేదిక కింద కూర్చున్న ఒకే ఒక్కాయన కూడా కొట్టాడు.

ఆ ఒక్కాయన్ని అందరూ శ్రోతగారు అంటారు. మందుల కొట్టు నడిపి నడిపి, ఇక చాలనుకుని మానేసిన మనిషి. భార్య పోయాక ఇంట్లో నోరు విప్పేది ఫ్రిజ్ ఒక్కటే, అదీ గుర్రుమని ఒకటే మాట. కళాకేంద్రంలో అయితే పదిమంది మాట్లాడతారు, ఎవరూ జవాబు అడగరు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంది. ఇంతకంటే ఏం కావాలనుకుని ఆయన రోజూ మూడో వరసలో కూర్చునేవాడు.

తక్కిన కుర్చీలన్నీ ఎందుకు ఖాళీ అంటే, ఆ కేంద్రానికొక పద్ధతి ఉంది. రెండుసార్లు వచ్చినవాడికి పదవి ఇస్తారు. పదవి వచ్చినవాడు వేదిక ఎక్కుతాడు. ఎక్కినవాడు దిగడు! అలా పళ్ల డాక్టరు గౌరవాధ్యక్షుడయ్యాడు, దర్జీ తెరల సలహాదారయ్యాడు, సైకిలు షాపాయన కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడయ్యాడు. శ్రోతగారు ఒక్కడే, పదవి మాటెత్తినప్పుడల్లా తనకి వినడమే ఇష్టమని తప్పించుకునేవాడు. పాడేవాళ్లూ బొమ్మలు గీసేవాళ్లూ మాత్రం అక్కడ లేరు. వాళ్లకి ఖాళీ ఏది?

నిజంగా ఏదైనా తయారయ్యేది వెనక గదిలోనే. శ్రోతగారి భార్యకు అక్క, అంటే ఆయనకు వదినగారు, అక్కడ సాయంత్రాలు రొట్టెల బట్టీ ఆయనలాంటి నలుగురైదుగురి చేత మట్టిబొమ్మలు చేయిస్తుంది. మట్టిని బల్లకేసి బాదే చప్పుడు, మధ్యమధ్య నవ్వులు. కమిటీ భాషలో దాని పేరు ‘గోల’.

ఇలా ఉండగా పురపాలక కార్యాలయం నుంచి కబురొచ్చింది. హాలుకి జనం రావడంలేదని తేలితే, తమ విరిగిన కుర్చీలన్నీ తెచ్చి అందులో పడేస్తారట. చూడ్డానికి బుధవారం ఆఫీసరమ్మ వస్తుందట!

“జనాన్ని పట్టుకురండి!” అన్నారు అధ్యక్షులవారు.

“ఊరికే ఎవరొస్తారండీ?” అన్నాడు సైకిలు షాపాయన. “పదవి అంటే వస్తారు.”

ఇచ్చారు. వీధి వీధంతా ఇచ్చారు. ఇస్త్రీ ఆయన చప్పట్ల కన్వీనరు. కోడిగుడ్ల కొట్టావిడ ముందువరస సంయుక్త కార్యదర్శి. చివరికి అధ్యక్షులవారే శ్రోతగారి దగ్గరికీ వచ్చారు.

“అన్నగారూ, మీరు శ్రోతల విభాగం అధ్యక్షులు. కాదనకండి. హాలు దక్కాలా వద్దా?”

హాలు లేని సాయంత్రాన్ని ఊహించుకోబోతే శ్రోతగారికి ఫ్రిజ్ వినిపించింది. “సరే” అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం అధ్యక్షులవారు వెనక గదిలోకి తొంగిచూశారు. “అమ్మా, ఈ ఒక్కపూటా మీ గోల ఆపాలి.”

“మట్టి తడిపేశాం నాయనా. ఆపితే బిగుసుకుపోతుంది. మీ ఉపన్యాసానికి ఆ బాధ లేదు గదా, మీరే ఆపకూడదూ!” అంది వదినగారు.

సాయంత్రం ఆఫీసరమ్మ వచ్చింది. హాలునిండా ఖాళీ కుర్చీలు. ఎదురుగా వేదిక మీద ఊరు ఊరంతా! ఒక్కో కుర్చీలో ఇద్దరేసి. చోటు చాలక ఇస్త్రీ ఆయన మైకుని కావలించుకుని నిలబడ్డాడు. ఓ మూల శ్రోతగారు కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

“జనం ఏరండీ?”

“వీళ్లంతా జనమే మేడమ్!”

“మరి కమిటీ?”

“వీళ్లే మేడమ్!”

“చూడ్డానికొచ్చినవాళ్లో?”

అధ్యక్షులవారు హాలంతా కలయజూసి, “మీరొచ్చారు కదండీ!” అన్నారు.

తర్వాత వెనక్కి తిరిగి పళ్లు బిగించారు. “కొంతమంది దిగండయ్యా!”

“చిన్న పదవులవాళ్లు దిగాలి” అన్నాడు పళ్ల డాక్టరు.

“నేను ఇవాళే ఎక్కాను, అప్పుడే దిగమంటారా? మా కోడలు చూడనేలేదు!” అంది కోడిగుడ్ల కొట్టావిడ.

శ్రోతగారు లేచి, మెల్లగా మెట్లు దిగి, మూడో వరసలో కూర్చున్నాడు. ఆయన వీపుకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో వెనకనుంచి ధబ్బుమని చప్పుడు.

“ఏమిటది?”

“ఎలకలు మేడమ్.”

గలగలా నవ్వులు వినిపించాయి.

“మీ ఎలకలు నవ్వుతాయే!” అంటూ ఆఫీసరమ్మ వెనక గదికి నడిచింది. శ్రోతగారూ లేవబోయాడు.

“మీరు కదలొద్దు అన్నగారూ! మీరు లేస్తే హాలు ఖాళీ!” అని అధ్యక్షులవారు ఉపన్యాసం అందుకున్నారు. వేదిక నిండా వక్తలు, కింద ఒక్క శ్రోత. ఆ శ్రోత చెవులు మాత్రం వెనక గదిలో ఉన్నాయి. హాలు ఉంటుందా, పోతుందా?

ఎంతకీ రాని ఆఫీసరమ్మ, ఉపన్యాసం ఇంకా కళల ఆవిర్భావం దగ్గరే ఉండగా, మోచేతులదాకా మట్టితో వచ్చింది.

“ఆ రొట్టెల బట్టీ ఆయన కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయిందటగా? ఏనుగుకి తొండం ఎలా అతకాలో నాకు ఆ చేత్తోనే చూపించాడండీ!”

శ్రోతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“కేంద్రం బాగా నడుస్తోంది” అందావిడ. “గదే వాళ్లకి చాలడంలేదు. మా కుర్చీలకి ఇంకోచోటు చూసుకుంటాం. ఇకనుంచి ఈ హాలంతా వాళ్లకే. వేదిక మీద బొమ్మలు ఆరబెట్టుకోమన్నాను.”

అధ్యక్షులవారు కళ్లు మూసి తెరిచారు. అంతే! “మట్టే కళ అని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను మేడమ్!”

మర్నాడు పాత కమిటీ మొత్తం మట్టిపనికి దిగింది.

“అధ్యక్షుడు ఎక్కడ కూర్చోవాలమ్మా?”

“చాప మీద, చోటున్నచోట” అని వదినగారు ఒక మట్టిముద్ద చేతిలో పెట్టింది. శ్రోతగారు కాస్త జరిగి చోటిచ్చాడు.

ఆ కేంద్రం పుట్టాక ఉపన్యాసం లేని మొదటి సాయంత్రం అది. అందరూ నాలుక కరుచుకుని పనిలో మునిగిపోయారు. శ్రోతగారు ముచ్చటపడి పక్కకి చూశాడు. అధ్యక్షులవారు కుర్చీ చేస్తున్నారు, చేతులున్నది, వీపు ఎత్తుగా ఉన్నది. పళ్ల డాక్టరూ కుర్చీయే, దిండుతో సహా. దర్జీ కూడా. పదిహేనుమందివీ కుర్చీలే!

వదినగారు వాటిని పలకమీద పెట్టి తీసుకెళ్లి వేదిక మీద వరసగా పేర్చింది.

“మధ్యలోది ఎవరిదమ్మా?” అధ్యక్షులవారు లేచారు.

“పళ్ల డాక్టరుగారిది.”

“తీయండి దాన్ని!”

పదిహేనుమందీ ఒక్కసారిగా వేదిక ఎక్కారు. ఎవరి కుర్చీని ఎవరు జరిపారో, ఎవరి కుర్చీ ఎవరి అరచేతి కింద నలిగిందో, కాసేపటికి అక్కడ మిగిలింది పెద్ద మట్టిముద్ద ఒక్కటే.

వదినగారు దాన్ని ఎత్తుకొచ్చి శ్రోతగారి ముందు దింపింది. “మరిదిగారూ, దీంతో ఏం చేద్దాం?”

ఆయన ముద్దని అరచేత్తో తట్టి చూశాడు. “పొడుగాటి బెంచీ చేద్దామా వదినగారూ? అందరూ సర్దుకుంటారు.”

“భేష్!” అన్నారు అధ్యక్షులవారు మట్టిచేతులతో చప్పట్లు కొడుతూ. తర్వాత వంగి, ఆయన చెవిలో మెల్లగా అడిగారు:

“బెంచీకి సరిగ్గా మధ్య ఎక్కడొస్తుంది అన్నగారూ?”