పదిహేడో నంబరు చెత్త

మనిషి పారేసిన చెత్త అనాథ కాదు. చేతిలోంచి జారి నేలను తాకిన మరుక్షణమే అది ప్రభుత్వానికి దత్తు పోతుంది. దానికో నంబరు, ఓ దస్త్రం, బాగోగులు చూడ్డానికి ఓ అధికారి ఏర్పడతారు. (మనుషుల విషయంలో ఇలాంటి ఏర్పాటు ఇంకా పరిశీలనలో ఉంది.) ఈ సంగతి లిఫ్టు బాబాయికి తెలియకపోవడం వల్లే ఇంత కథ నడిచింది.

లిఫ్టు బాబాయి ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. ఉండేది మాత్రం లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన భార్య మెట్లు దిగడం మానేసింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. "ఎక్కడికి నడవను, ఆ చెత్తకుప్ప దాకానా?" అని ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది.

కిటికీ కింద ఉన్నది నిజంగా చెత్తకుప్పే. రెండు మేడల మధ్య పార్కు కోసమని వదిలిన జాగాలో పధ్నాలుగేళ్లుగా చిరిగిన పరుపులూ, పగిలిన కమోడ్లూ కాపురం చేస్తున్నాయి. ఓ ఆదివారం బాబాయి పార పట్టుకుని దిగాడు. పక్క మేడ లెక్కల టీచరమ్మ గంప తెచ్చింది. ఇస్త్రీ బండి ఆయన పెట్టెలో నిప్పులు ఆర్పుకుని మరీ వచ్చాడు. మూడు నెలలు తిరిగేసరికి టమాటా, బెండ, గోడవారన చిక్కుడు పాదు లేచాయి. (ఒక బెండకాయని స్కేలుగా పెట్టి టీచరమ్మ బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత గీసిందంటారు. ఆవిడ కాదనలేదు.)

చిక్కుడు తీగ రెండో అంతస్తు దాకా పాకింది. తీగ రెండంతస్తులు ఎక్కొచ్చాక తాను ఒక్కటీ దిగకపోతే మర్యాద కాదనుకుందో ఏమో, బాబాయి భార్య ఒకనాడు గోడ పట్టుకుని దిగింది. ఆ మర్నాడూ దిగింది. బాబాయికి కావలసింది అదే, టమాటాలు కాదు.

ఇంతలో ఎండలు ముదిరాయి. మూడో అంతస్తు నుంచి బకెట్లు మోసి మోసి బాబాయి నడుము పట్టేసింది. తోటకో కుళాయి ఇప్పించమని దరఖాస్తు పెట్టాడు. అంతవరకూ ఆ జాగా ఉన్నట్టే ప్రభుత్వానికి గుర్తులేదు.

చెత్తనిల్వల పరిరక్షణాధికారి టేపూ రిజిస్టరూ పట్టుకుని వచ్చాడు. టమాటా మొక్కల మధ్య అలవాటు కొద్దీ ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

"పదిహేడో నంబరు చెత్త ఏదండీ?"

"తీసేశాం సార్" అన్నాడు బాబాయి.

"ఎవరి అనుమతితో?"

"వేసినవాళ్లకి ఎవరిచ్చారో వాళ్లేనండీ" అంది టీచరమ్మ.

జవాబు సంతృప్తికరంగా లేదని అధికారి రాసుకున్నాడు. చెడ్డవాడేం కాదు, పరీక్ష నిమిత్తం నాలుగు టమాటాలు కూడా స్వీకరించాడు. విషయం ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. చెత్త స్థలాన్ని తోటగా మార్చాలంటే, ముందు అక్కడ చెత్త ఉందని కళ్లారా చూసి ధ్రువీకరించాలి. తోట ఉన్నచోట తోట పెట్టుకోవడానికి అనుమతివ్వాలంటే దానికి ఫారమే లేదు.

"ఒక్క పూట ఆ చెత్త తెచ్చి పెట్టండి పెద్దాయనా. నేను చూసి సంతకం పెట్టేస్తా. మర్నాడే ఎత్తేసుకోండి."

"ఏమండీ, కుళాయీ వద్దు, గిళాయీ వద్దు" అంది భార్య. "రోజుకో చెంబు నేనూ మోస్తాను."

"ఒక్క పూటే కదే" అన్నాడు బాబాయి.

పధ్నాలుగేళ్లు అడక్కుండా వచ్చిపడిన చెత్తకి, అడిగేసరికి గిరాకీ పెరిగింది. ఒకాయన ఇంట్లో సంప్రదించి చెబుతానన్నాడు. పరుపు పారేసినాయన, అది తన తండ్రి జ్ఞాపకం, దాన్ని ఎవరు తీశారో తేల్చమని పట్టుబట్టాడు. చివరికి మూడు వీధులు తిరిగి బతిమాలి తెచ్చారు. టమాటాల మీద పోయక తప్పలేదు. చిక్కుడు పాదుకి మాత్రం భార్య తన పాత చీర కప్పింది.

మర్నాడు రావలసిన అధికారి సెలవు పెట్టి పంతొమ్మిదో రోజున వచ్చాడు. చెత్తని కొలిచాడు, కాలితో నొక్కి చూశాడు, రెండు కమోడ్లు తగ్గాయని రాసి సంతకం పెట్టాడు. అయితే బాబాయిది మెకానిక్కు చెయ్యి కదా, ఇనుము ఇనుమూ, గాజు గాజూ వరసలో పేర్చాడు. ఆ పొందిక చూసి పైవాళ్లు ముచ్చటపడి దాన్ని ఆదర్శ చెత్తకేంద్రంగా ప్రకటించారు. ఇప్పుడు రోజూ ఉదయం ఆరింటికి లారీ ఠంచనుగా వస్తోంది. (తీసుకుపోవడానికి కాదు, తెచ్చి పోయడానికి.) కుళాయి కూడా వచ్చింది, చెత్త మీద దుమ్ము లేవకుండా చల్లడానికి. ఆదర్శ కేంద్రం పక్కవాళ్లు కాబట్టి, ఇంటికొకరు చొప్పున తమ చెత్త స్వయంగా తెచ్చి వేయాలని బోర్డు పెట్టారు. బాబాయికి నడుము పోయింది గనక ఆ పని ఆయన భార్య మీద పడింది.

మొన్న డాక్టరు ఆవిడ మోకాలు చూసి తెగ మెచ్చుకున్నాడు. రోజూ ఎక్కడి దాకా నడుస్తున్నారమ్మా అని అడిగాడు.

"చెత్తకుప్ప దాకానండీ" అంది ఆవిడ.