నీళ్ళంటని జలాంతర్గాములు

"నీళ్ళు తగిలితే జలాంతర్గామి పాడవుతుంది!" అని మా నమూనా జలాంతర్గాముల సంఘం అధ్యక్షులవారు సెలవిచ్చారు. సభ్యులంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే ఊరికే కూర్చుంటే బాగుండదు కదా!

మా పోటీలు బల్ల మీద జరుగుతాయి. తెల్ల చేతితొడుగులు వేసుకున్న న్యాయనిర్ణేతలు మూరెడు పడవను మెత్తటి గుడ్డ మీద పెడతారు. యజమాని రిమోట్ నొక్కుతాడు. వెనక చుక్కాని కుడికీ ఎడమకీ, పక్క రెక్కలు పైకీ కిందికీ ఊగుతాయి. "ఆహా, ఎంత లోతుకు దిగిందో!" అని ఒకరంటే, "నాకైతే చెవులు దిబ్బళ్ళు పడ్డాయి!" అని ఇంకొకరంటారు.

మా ఆయన చనిపోయేముందు సగం చేసి వదిలిన పడవను నేను పూర్తిచేశాను. రెక్కలకు తీగలు బిగించి, మూతకు రబ్బరు వేసి, నీళ్ళ తొట్టిలో వదిలాను. మునిగింది. తిరిగి తేలింది. దాన్ని సంఘం అద్దాల బీరువాలో ఆయన పేరుతో చూసుకోవాలని నా ఆశ.

అధ్యక్షులవారు దాని పొట్ట కింద వేలితో రాసి చూశారు.

"చెల్లెమ్మా, ఇది తడిసింది!"

"జలాంతర్గామి కదా అన్నయ్యగారూ!"

"అయితే మాత్రం? నిబంధన నిబంధనే. బీరువాలో పెట్టడం కుదరదు."

ఫొటోలు బాగా వస్తాయని బహుమతి సభ పార్కులో కొలను పక్కన పెట్టారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద ఆఫీసరు కప్పు చేత్తో పట్టుకుని, "ఏదీ, గెలిచిన పడవను ఒకసారి ముంచండి!" అన్నాడు.

అధ్యక్షులవారి మొహంలో నెత్తురు చుక్క లేదు. గెలిచింది ఆయనదే మరి! ఆఫీసరు మాట కాదనలేక, పసిబిడ్డకు స్నానం చేయించబోతున్నట్టు మెల్లగా దించారు. అది ముక్కు కిందికి పెట్టి, ఎంతో క్రమశిక్షణతో వెళ్ళిపోయింది. రిమోట్ ఎంత నొక్కినా నాలుగు బుడగలు తప్ప మరేమీ రాలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అన్నాడు ఆఫీసరు.

"వెంటనే వచ్చేసేవి మామూలు పడవలండీ!" అన్నారు అధ్యక్షులవారు.

చప్పట్లు మోగాయి. కప్పు ఆయనకే దక్కింది.

మర్నాడు పొద్దున అధ్యక్షులవారు మా గుమ్మంలో నిలబడ్డారు. ప్యాంటు నిండా బురద.

"చెల్లెమ్మా, ఆఫీసరుగారు సాయంత్రం మళ్ళీ వస్తారట. మునిగి పైకొచ్చేది ఒక్కటైనా చూపించమన్నారు. మీ ఆయన పడవ ఇలా ఇవ్వమ్మా."

"తడిసింది కదండీ?"

"తుడిస్తే పోతుందిలే!"

"ఎవరి పేరుతో చూపిస్తారు?"

"గెలిచింది నేను కదమ్మా..."

"గెలిచింది కొలను అడుగున ఉంది. ఇది మా ఆయనది. ఆయన పేరు పెడితేనే గడప దాటుతుంది. బీరువాలోకీ ఆ పేరుతోనే వెళుతుంది."

ఆయన ఆకాశం చూశారు, బురద చూసుకున్నారు, సరేనన్నారు.

సాయంత్రం మా ఆయన పడవ కొలనులో మునిగింది, తేలింది, తడి ఆరకుండానే బీరువా ఎక్కింది. అద్దం మీద ఆయన పేరు రెండుసార్లు చదువుకున్నాను. పక్కనే కప్పు, దాని ముందు ఖాళీ జాగా.

"మరి మీదేదండీ?" అని ఆఫీసరు అడిగాడు.

అధ్యక్షులవారు ఛాతీ విరిచారు.

"మాది ఇంకా డ్యూటీలోనే ఉందండీ!"