ముత్తన్న లారీ బోధన్ పోయిన రోజు

ఆ రోజు పొద్దున భూమేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎడపల్లిలో తన ఇంటి దగ్గర నుంచి బాపు లారీ తీయాలి, బోధన్ దాకా పోవాలి, తిరిగి ఇంటికి రావాలి. అంతే. దారిలో ఆగి చాయ్ తాగాలన్న ఆశ కూడా పెట్టుకోలేదు.

కానీ ఆ లారీ ప్రాణం మొత్తం ఆ ప్రయాణం మీదే ఉంది. భూమేష్ తండ్రి ముత్తన్న ఏళ్లకేళ్లు ఆ లారీలోనే బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు తోలాడు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు దాన్ని తెచ్చి ఇంటి పక్క కల్లంలో నిలబెట్టాడు. కొన్నాళ్లకు తానూ పోయాడు. ఆ తర్వాత క్యాబిన్‌లో కోళ్లు కాపురం పెట్టాయి. నిరుడు ఎండాకాలంలో భూమేష్‌కు ఏమనిపించిందో ఏమో, కోళ్లను ఖాళీ చేయించి, నిజామాబాద్ నుంచి రంజిత్ అనే మెకానిక్‌ను పిలిపించి, లారీని మళ్లీ మనిషిని చేసే పనిలో పడ్డాడు. ఒక తలుపు ఒక లారీది, ఇంకో తలుపు ఇంకో లారీది. బాపు నాటి పచ్చరంగే మళ్లీ వేయించాడు. వెనక డాలా రేకు మీద పెయింటర్ నెమలి బొమ్మ వేశాడు గానీ, అందులో అన్నాళ్లు కోళ్లు బతికిన ప్రభావమో ఏమో, అది కూడా కోడిలాగే వచ్చింది.

భూమేష్ భార్య పుష్పలతకు లారీ మీద పగ లేదు. ఆమెకు కావాల్సింది దాని కింద ఉన్న జాగా.

"పసుపు తవ్వుడు దగ్గరికొచ్చింది. ఉడకవెట్టినంక యాడ ఆరబోయాలె? మామ లారీ మీదనా, కిందనా?"

"ఇంకొక్క నెల ఆగరాదే."

"ఎండకాలం కెల్లి గదే నెల నడుస్తుంది. సూడు, రేపు పాత ఇనుము కొనే కబాడీ ఆయనను రమ్మన్న. ఇయ్యాల నీ లారీ తన కాళ్ల మీద తాను బోధన్ పోయి రావాలె. పోయొచ్చిందా, ఉంచుకో. నేను నోరెత్త. దారిల ఎవ్వలన్న చెయ్యేసి నూకిండ్రో, రేపు కాంట మీదికే."

భూమేష్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక రంజిత్ అసలు సంగతి చెప్పాడు.

"అన్నా, ఇంజిన్ మస్తుగుంది. కని దీని సెల్ఫ్ మోటర్ యాడ దొరకలే. కల్లం నుంచి రోడ్డు దాంక దిగుడే గాబట్టి దొర్లంగ దొర్లంగ లేస్తది. రోడ్డెక్కినంక మాత్రం బంద్ చెయ్యకు. బందయ్యిందంటే పది మంది నూకాల్సిందే."

"బంద్ గాకుంట పోయొస్త తియ్."

"జర మెల్లగనే పో. ఉర్కిచ్చినా బందే."

భూమేష్ స్టీరింగ్ ముందు కూర్చోగానే అవతలి తలుపు తెరుచుకుంది. తల్లి హన్మవ్వ. ఒక చేతిలో పసుపు కుంకుమ పళ్లెం, ఇంకో చేతిలో బంతిపూల దండలు. ఎప్పుడు లేచిందో, లారీ ముక్కుకు అప్పటికే మామిడాకులు కట్టేసింది.

"అవ్వా, గివన్ని ఎందుకే? ఊకె పోయొస్తున్నం."

"మీ బాపు ఎన్నడన్న ఖాళీ బండి బోధన్ దిక్కు తీస్కపోయిండారా? సీజన్ల మొదటి బండి ఇంట్ల నుంచి ఎల్లిందంటే దండలుండాలె, మీద చెరుకుండాలె. గా రామ్‌దాస్ తోటల కొడుతున్నరు, నాలుగు మోపులు అడిగిన. ఏస్తున్నడు."

నిజమే, వెనక మోపులు పడుతున్న చప్పుడు. వేస్తున్నది పక్క చేను రామ్‌దాస్. ఫ్యాక్టరీ మూతపడ్డా చెరుకు మానని మొండివాడు, పంటంతా దూరాన ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి పంపుతుంటాడు. చివరి మోపు వేసి ముందుకు వచ్చి క్యాబిన్‌లోకి తొంగి చూశాడు.

"పెద్దవ్వా, చెరుకు ఎందుకే?"

"ఊకెనే బిడ్డా."

"మరి దండలు?"

"ఊకెనే."

"నువ్వు ముంగట కూసున్నవేంది?"

"గది గూడ ఊకెనే."

రామ్‌దాస్ మొహం మారిపోయింది. దానికి కారణం తెలియాలంటే పాత రోజుల సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర ముందు వచ్చిన బండికి ముందు నంబరు. వెనకబడ్డవాడు చెరుకు ఎండిపోతుంటే రాత్రులు అక్కడే బండి కింద పడుకోవాలి. అందుకని క్రషింగ్ మొదలవుతుందని ఎవరికి ముందు తెలిసినా పక్కవాడికి చెప్పేవారు కాదు. అడిగితే, ఊరికే, పనేమీ లేదన్నట్టు "ఊకెనే" అని ఎడ్లు కట్టేవారు. దండలు కట్టిన చెరుకు లారీ, చప్పుడు చేయకుండా, పొద్దున్నే బోధన్ దిక్కు. రామ్‌దాస్ కళ్ల ముందు ఉన్నది అచ్చం అదే.

లారీ దిగుడులో దొర్లి, రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి లేచింది. రోడ్డు ఎక్కిందో లేదో పక్కన బైకు మీద రామ్‌దాస్ ప్రత్యక్షమయ్యాడు.

"భూమేషన్నా! నిజం చెప్పు! ఫ్యాక్టరీ సురువైందా?"

"లేదన్నా! కాలే!" ఇంజిన్ మోతలో భూమేష్ గొంతు చించుకున్నాడు.

"నాకు గూడ చెప్పవా? మీ బాపు గూడ గిట్లనే! మా బాపుతోని పెండ్లికి పోతున్న అని చెప్పి నంబర్ పెట్టిండు!"

"నీ కాళ్లు మొక్కుత, సురుగాలే! నేను ఊకె..."

ఆ మాట నోట్లో ఉండగానే భూమేష్ నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే బైకు వెనకబడింది, ఫోను రామ్‌దాస్ చెవికి చేరింది. "గా లోడు ఆపురా! దూరం పంపకు! ట్రాక్టర్ బోధన్ దిక్కు తిప్పు! ఎవ్వలకు చెప్పకు!"

ఎవ్వరికీ చెప్పవద్దన్న మాట కాబట్టి క్షణాల్లో అందరికీ తెలిసింది. పూల లారీ ఫొటో వాట్సాప్‌లో లారీ కన్నా వేగంగా పోయింది. రోడ్డు పక్క పొలాల్లో పనిచేస్తున్నవాళ్లు నడుములెత్తి చూస్తున్నారు. ఒక ముసలాయన లారీని చూసి తలపాగా తీసి ఊపాడు. పాత లారీకి బయటి వైపు రబ్బరు బుడ్డి హారను ఉంది. హన్మవ్వ చెయ్యి బయటపెట్టి, ఎవరు చెయ్యి ఊపితే వాళ్లకు ఒక పాంపాం చొప్పున పంచుతోంది.

"అవ్వా, హారన్ కొట్టకే! నిజమే అనుకుంటరు!"

"ఇన్నేండ్లకు మొగుని బండ్ల ముంగట సీట్ల కూసున్న. కొట్టనియ్యరా."

కొద్ది దూరం పోయాక నాగవ్వ అనే ఆమె కొబ్బరికాయ పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడింది. ఆపితే ఇంజిన్ పోతుంది, ఆపకపోతే నాగవ్వ పోతుంది. భూమేష్ మొదటి గేరులో నత్తలాగా పాకించాడు. నాగవ్వ లారీతో పాటు వెనక్కి నడుస్తూనే దాని బంపర్ మీద కాయ కొట్టింది. నీళ్లన్నీ అద్దం మీద పడ్డాయి. దొరకని సామాన్లలో వైపర్ కూడా ఒకటి.

"నా చెరుకుకు గూడ జాగ సూడు కొడుకా!" అని అరిచింది నాగవ్వ.

"ఫ్యాక్టరీ లేదవ్వా!"

"ఏం దాస్తుండమ్మా!" అని ఆమె పక్కవాళ్లతో మెచ్చుకోలుగా అంది.

ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి భూమేష్ పక్క అద్దంలోకి చూశాడు. వెనక బైకులు, వాటి వెనక ఆటోలు, వాటి వెనక ట్రాక్టర్లు. కొన్నింటిలో అప్పుడే కొట్టిన పచ్చి చెరుకు. రెంజల్ దిక్కు నుంచి వచ్చిన ట్రాక్టర్లు రామ్‌దాస్ ట్రాక్టర్‌ను దాటడానికి హారన్లు మోగిస్తున్నాయి. ఎవరో డప్పులు కూడా పట్టుకొచ్చారు.

"మీ బాపు ఎనక గూడ ఎన్నడు గింత మంది లేకుండె" అంది హన్మవ్వ గర్వంగా.

భూమేష్ జేబులో ఫోన్ మోగింది. పుష్పలత. ఇంజిన్ మోతలో ఒక్క ముక్క అర్థమైంది: "ఆడనే ఉండు, నేనొస్తున్న!" ఎవరైనా నూకారేమో చూడడానికి వస్తోందనుకున్నాడు. గేటు దాకా పోయి, ఆగకుండా చుట్టు తిప్పుకుని ఇంటిదారి పట్టాలి, అదొక్కటే మిగిలింది.

గేటుకు తాళం తుప్పు పట్టి ఉంది. లోపల మనిషెత్తు గడ్డి. లారీ తిప్పుదామంటే వెనక సందు లేదు. అడుగు మేర కూడా వదలకుండా బండ్లన్నీ వరుసలో ఇరుక్కుని నిలబడ్డాయి. భూమేష్ న్యూట్రల్‌లో పెట్టి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయకుండా, దేవుళ్లను వరుసగా తలుచుకుంటున్నాడు. అంతలో జనాన్ని చీల్చుకుంటూ తెల్లబట్టల భానుప్రసాద్ వచ్చాడు. ఎక్కడ గుంపు ఉంటే అక్కడికి వచ్చే లోకల్ లీడర్. లారీ మెట్టు మీదికి ఎక్కి, లోపలున్న భూమేష్ భుజం మీద ఒక శాలువా కప్పి, జనం వైపు తిరిగాడు.

"రైతు సోదరులారా! పోయిన వారమే నేను పైన మాట్లాడిన! గీ గేటు తెరుచుకునుడు మన పోరాట ఫలితం..." జనానికి ఒక్క ముక్క వినపడలేదు. ఆయన లోపలికి వంగి, "గీ మోతేందయ్యా, మాట వినవడ్త లేదు" అంటూ ఇంజిన్ ఆపే బటన్ పట్టి గుంజాడు.

లారీ ఒక్కసారి వణికి, చల్లబడింది. భూమేష్ గుండె కూడా.

ఆ నిశ్శబ్దంలో గేటు పక్క గదిలోంచి వాచ్‌మన్ వచ్చాడు. "సార్, మరి తాళంచెవి ఎవరు తెస్తున్నరు?"

భానుప్రసాద్ భూమేష్ వైపు తిరిగాడు. "నీ తాన లేదా?"

భూమేష్ కిందికి దిగాడు. ఎదురుగా మొహాలు. కొందరు ముసలివాళ్లు ఉతికిన ధోవతులు కట్టుకుని వచ్చారు. ఒకాయన చేతిలో ఒకే ఒక చెరుకు గడ ఉంది, దాన్ని పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అబద్ధమాడింది తాను కాకపోయినా భూమేష్‌కు వాళ్ల కళ్లలోకి చూడడం చేతకాలేదు.

"ఫ్యాక్టరీ సురుగాలే. ఎవ్వలు సురు చెయ్యలే. నా లారీ బోధన్ దాంక వస్తదా రాదా అని సూడనీకి వచ్చిన. నిజంగనే ఊకె వచ్చిన."

డప్పు ఆగిపోయింది. భానుప్రసాద్ భూమేష్ భుజం మీది శాలువాను మెల్లగా తీసుకుని, మడిచి, చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయాడు.

"ఊకె వచ్చేటోనికి దండలెందుకయ్యా?" అని ఒకరు. "చెరుకెందుకు?" అని ఇంకొకరు. రామ్‌దాస్ అయితే ఊగిపోయాడు. "నా లోడు ఆపిచ్చినవు గదనే!"

"నేను సురుగాలే అనే చెప్పిన గద రామ్‌దాసన్నా."

"గంత గట్టిగ చెప్తే ఎవడు నమ్ముతడు?"

అప్పుడు క్యాబిన్‌లోంచి హన్మవ్వ మాట్లాడింది. గొంతు పెంచలేదు గానీ అందరికీ వినపడింది.

"దండలు కట్టింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. కని మీరు నమ్మింది గూడ తప్పుగాదు. గీ బండి కనవడంగనే మీ కాళ్లు గిటు నడిచినయ్. పొద్దుగాల నా కాళ్లు గూడ గంతే. ఇప్పుడు గూడ బెల్లం వాసన వస్తున్నట్టే ఉంది నాకు."

చెరుకు గడ పట్టుకున్న ముసలాయన గట్టిగా గాలి పీల్చి చూశాడు. ఏ వాసనా వచ్చినట్టు లేదు. అయినా తలూపాడు. తర్వాత వాచ్‌మన్ వైపు తిరిగి, "సురుగాకపోతే మానె. వచ్చినం గద. నంబర్లన్న ఎయ్యి" అన్నాడు.

"ఏం నంబర్లు?"

"ఎన్నడన్న తెరుస్తరు గద. గప్పుడు మళ్ల లొల్లెందుకు? ఎవలెనక ఎవలో ఇయ్యాలనే తేలిపోని."

ఈ మాట అందరికీ చాలా న్యాయంగా కనిపించింది. పాత పద్ధతి ప్రకారం వాచ్‌మన్ తన గదిలోంచి సుద్దముక్క తెచ్చి లారీ తలుపు మీద పెద్దగా ఒకటి వేశాడు. రెండు ఎవరికి అన్న దగ్గర అసలు గొడవ మొదలైంది.

"లారీ ఎనక మొదలున్నది నేను!" అన్నాడు రామ్‌దాస్.

"నీది బైకు. బైకుకు నంబరియ్యరు. నీ ట్రాక్టర్ మా ఎనకుంది!" అని రెంజల్ ట్రాక్టర్ ఆయన.

ఫ్యాక్టరీ తెరిచారన్న మాట ఎడపల్లిలో విని బయల్దేరిన పుష్పలత ఆ గొడవ మధ్యలో ఆటో దిగింది. ఆమెను చూడగానే భూమేష్ తానే ఒప్పేసుకున్నాడు. "బందయ్యిందే. నూకాల్సిందే. రేపు కబాడీ ఆయనను రానీ."

రామ్‌దాస్ మొహం వెలిగింది. "మంచిమాట వదినె! ఇనుము పాడుగాక ముందే అమ్మేయిండ్రి. లారీ లేకపోతే ఒకటో నంబర్ నాకొస్తది."

పుష్పలత తలుపు మీది ఒకటిని చూసింది. వెనక రోడ్డు పొడవునా నిలబడ్డ బండ్లను చూసింది. మళ్లీ ఒకటిని చూసింది.

"ఎవలికొస్తది?"

"నాకు..."

"మా మామ బండి నంబర్ నీకెట్లొస్తదయ్యా?" అంటూ కొంగు నడుముకు దోపుకుని లారీ వెనక్కి నడిచింది. నెమలి మీద రెండు చేతులూ ఆనించింది. "సూస్కుంట నిలవడ్డరేంది? నూకుండ్రి!"

"మరి నువ్వు పెట్టిన షర్తు..." అన్నాడు భూమేష్.

"ఇంటోళ్లు నూకితే నూకినట్టు గాదు. నడువు, స్టీరింగ్ పట్టు."

వెనకున్న బండ్లు జరిగి దారి ఇచ్చాయి, లారీని వెనక్కి జరిపి ముక్కు ఇంటి దిక్కు తిప్పారు. అందరూ చేతులేశారు, సణుగుతూనే రామ్‌దాస్ కూడా. లారీ దగ్గి, పొగ వదిలి లేచింది. హన్మవ్వ అందరికీ కలిపి ఒక పొడుగాటి పాంపాం ఇచ్చింది.

ఆ ఏడు పుష్పలత పసుపును లారీ చుట్టూ ఆరబోసింది. తలుపు మీది సుద్ద చెరిగిపోకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు అతికించింది కూడా. ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు గానీ, రెండో నంబరు ఎవరిదన్న పంచాయితీ ఇప్పటికీ రెండు ఊళ్లలో నడుస్తోంది.