ప్రాణం మీదికొచ్చిన రాజీనామా

కాఫీ చల్లారేలోపు రాజీనామా పంపేసి, ఆ తర్వాత నింపాదిగా స్నానం చేయాలని స్టోర్‌కీపరు ఆ ఉదయం అనుకున్నాడు. టైల్స్ గోడౌనులో ఏళ్ల తరబడి పని. లారీలోనే పగిలి వచ్చిన పెట్టెకు కూడా మేనేజరు హమాలీలందరి ముందూ అతణ్ణే నిలదీసేవాడు. ఈమధ్య ఆ గొంతు వినబడితే చాలు, పెట్టెల వెనక్కి తప్పుకునేవాడు. అదృష్టవశాత్తూ శానిటరీ షాపువాళ్లు వచ్చే నెల నుంచి రమ్మన్నారు. భార్యకు ఇంకా చెప్పలేదు.

ఇంగ్లీషులో మర్యాదగా ఉత్తరం రాయడం అతని వల్ల అయ్యే పని కాదు. ముందురోజు బావమరిది ఫోనులో చాట్‌బాట్ ఎక్కించి, "మనసులో ఉన్నది తెలుగులోనే చెప్పు బావా, మిగతాది అదే చూసుకుంటుంది" అని వెళ్లాడు. స్టోర్‌కీపరు మనసు విప్పాడు. "ప్రాణం మీదికొచ్చింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పోతాను. మిగిలిన నాలుగు రోజులైనా పెళ్లాం పిల్లలతో ప్రశాంతంగా గడపాలి. రాజీనామా ఇంగ్లీషులో రాసిపెట్టు."

ఈ సంగతి మీ పై అధికారికి తెలియజేయమంటారా అని అది ఎంతో సౌమ్యంగా అడిగింది. తెలియాల్సిందే అని కసిగా కొట్టాడు. వచ్చిన ఉత్తరంలో పైన రెండు వరుసలూ, అడుగున తన పేరూ చూసుకుని, దొరల ఇంగ్లీషని మురిసి మేనేజరుకు పంపేశాడు.

అతను గోడౌనుకు చేరేసరికి హమాలీలు పని ఆపి నిలబడ్డారు. ఒకడు కుర్చీ తెచ్చి వేశాడు. మేనేజరు వచ్చి, మొట్టమొదటిసారి భుజం మీద చెయ్యి వేసి, కళ్లు తుడుచుకున్నాడు. తాను మానేస్తున్నందుకే ఇంత బాధ అనుకుని స్టోర్‌కీపరు కరిగిపోయాడు.

"ఎప్పటికైనా పోవాల్సినవాణ్ణే కదా సార్."

"ఇంట్లో తెలుసా?"

"లేదు సార్. తెలిస్తే గోల పెడుతుంది. అంతా అయిపోయాక తనకే తెలుస్తుంది."

మేనేజరు అక్కడ నిలవలేకపోయాడు. అలా దాచడం పాపమని, తానే ఆ ఇంటికి ఫోను చేశాడు.

సాయంత్రం స్టోర్‌కీపరు వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. భార్య అతని చొక్కాలన్నీ ముందేసుకుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది. మానేసింది ఉద్యోగం మాత్రమేనని అతను మొత్తుకున్నాడు.

"నన్ను ఏమార్చకండి. మీ మేనేజరుగారే చదివి వినిపించారు" అందామె, తల ఎత్తకుండానే.

బావమరిది ఫోను లాక్కుని ఉత్తరాన్ని తెలుగులో చెప్పాడు: జబ్బు ముదిరి ఇక ఎన్నాళ్లో బతకడట, మిగిలిన రోజులు ఇంటివాళ్లతో గడపడానికి రాజీనామా చేస్తున్నాడట. తన చావుకబురు స్టోర్‌కీపరు క్యారేజీ చేతిలో పట్టుకుని నిలబడే విన్నాడు. అపార్థమని తేలాక భార్య మరీ ఎక్కువ ఏడ్చింది. అయినా నమ్మకం కుదరక మర్నాడు అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్లి, ఉన్న పరీక్షలన్నీ చేయించింది. ఏ జబ్బూ లేదు. ఉద్యోగమూ లేదు. మనిషి ఎలాంటివాడో కనుక్కుందామని శానిటరీ షాపువాళ్లు గోడౌనుకు ఫోను చేశారట. పాపం ఎన్నాళ్లో బతకడని విని, వేరొకణ్ణి పెట్టుకున్నారు.

ఇక సిగ్గు చంపుకుని, రాజీనామా వెనక్కి తీసుకుందామని గోడౌనుకు వెళ్తే మేనేజరు ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. అక్కడికే వెళ్లి, మంచం పక్కన చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. ఎన్ని తిట్లు పడతాయోనని తల వంచుకుని నిలబడ్డాడు.

మేనేజరు అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"నీ ఉత్తరం చదివాక నాక్కూడా ప్రాణభయం పట్టుకుంది. పరుగున వచ్చి గుండె చూపించుకున్నా. ఇంకో వారం ఆగితే పోయేవాణ్ణేనట. వెంటనే ఆపరేషన్ చేశారు. నీ రాజీనామా చించేశాను. నేనున్నంతకాలం నిన్ను నా పక్కనుంచి కదలనివ్వను."

స్టోర్‌కీపరు మెల్లగా తలుపు వైపు తప్పుకోబోయాడు. అంతలో డాక్టరు వచ్చి పరీక్ష చేసి, ఆ గుండె ఇక ఏళ్ల తరబడి గుండ్రాయిలా ఉంటుందని భరోసా ఇచ్చాడు.

అది రాయేనన్న సంగతి స్టోర్‌కీపరుకు ముందే తెలుసు.