ఆదర్శ గృహపు సంచి

"విపత్తు వచ్చాక మేలుకునేది పశువు! రాకముందే సంచి సర్దుకునేవాడే మనిషి!" అని మా వీధి సంఘం అధ్యక్షులు నిషివాకి గారు ప్రకటించారు. వెంటనే మేమందరం మనుషులం కావాలని తీర్మానించుకున్నాం.

భూకంపాల ఊరు మాది. ప్రతి ఇంటి గుమ్మంలో, చెప్పులు విడిచేచోట, అత్యవసర సంచి ఉండాలి. అధ్యక్షుల వారి వెండిరంగు సంచికి వచ్చినవాళ్లంతా వంగి నమస్కరించి మరీ లోపలికి వెళ్తారు. సంఘం ఏటా సంచులు తనిఖీ చేసి ఇచ్చే "ఆదర్శ గృహం" బోర్డు ప్రతిసారీ వారి తలుపుకే!

తనిఖీ రోజు పొద్దున్నే మా సంచి ఎత్తి చూద్దును కదా, దూదిలా లేచింది. లోపల దాచిన యోకన్ అనే చిక్కుడుపిండి మిఠాయి దిమ్మల్లో ఒక్కటీ లేదు!

"అమ్మ పనే! టీ తాగితే పక్కన తీపి ఉండాలి ఆవిడకి!" అన్నాను.

"ఆ గొడవ తర్వాత! సంచి ఖాళీ అని మైకులో మన పేరు చదివితే తల ఎక్కడ పెట్టుకోవాలి?" అంది మా ఆవిడ తొమోఎ.

పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి కుక్కాం. సంచి బలిసింది, పరువు నిలిచింది.

నిషివాకి గారు వచ్చి సంచిని తట్టి, "భేష్, కురాతా గారూ! ఏం నిండుతనం!" అంటుండగానే నేల ఊగింది. నిజంగానే! సంచులు భుజాన వేసుకుని అందరం బడి మైదానానికి పరుగెత్తాం. దారులు మూసుకుపోయాయి. సాయంత్రమైనా తిండి రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు.

"కురాతా గారూ, సంచి తెరవండి!" అన్నారు అధ్యక్షులు.

సంచిని వీపు వెనక్కి తోసుకున్నాను. "అయ్యో! తమరుండగా నేను ముందా?"

"అబ్బే, తమరే ముందు!"

"తమ సంచి ముందు మాదెంతండీ!"

చంకలో ఏడ్చే పిల్లతో ఎదురింటావిడ మా మర్యాదలు చూసి విసిగిపోయింది. రెండు సంచులూ లాక్కుని బోర్లించింది. రెండింట్లోంచీ వార్తాపత్రికలే! వారివి నావాటికన్నా పాతవి.

అప్పుడు మా అమ్మ తన గుడ్డమూట విప్పింది. నిండా యోకన్ దిమ్మలు, నీళ్ల సీసాలు!

"అంత సంచి నేను మోయలేనురా, అందుకే మూట కట్టుకున్నా. పాతవి తినేసి కొత్తవి పెడుతుంటా. తినండి నాయనా!" అంది.

నాకు సిగ్గేసింది. నిషివాకి గారు మాత్రం నిబ్బరంగా రెండు దిమ్మలు తిన్నారు.

వారం తిరక్కుండా తనిఖీ ఫలితాలు వచ్చాయి. విపత్తు రాకముందే అత్యవసర నిల్వలు తిన్నందుకు అమ్మకు మందలింపు! ఆదర్శ గృహం మళ్లీ నిషివాకి గారిదే. గడువు దాటి పాడయ్యే వస్తువు ఒక్కటి కూడా లేని సంచి వారిదట!

రెండో బహుమతి నాది. నడుం వంచి నమస్కరించి పుచ్చుకున్నాను.