ఎండుచేపకు నీలిదారం

శనివారం సంతకు ముందే కారు కొనెయ్యాలని గ్వేసాన్ దగ్గరి పల్లెలో బోంగ్ మాన్‌సిక్ ఆ ఉదయం గట్టిగా తీర్మానించుకున్నాడు. ఊరికి వచ్చే ఒక్క బస్సూ ఆగిపోయింది. భార్య ఓక్‌బున్ సంతలో అమ్మే టోఫూ అనే సోయాజున్ను ఇక నెత్తిన మోసుకుపోవాల్సిందే. వాళ్ళకూ ఒకప్పుడు తెల్లకారు ఉండేది. ఏడేళ్ళ కిందట మాన్‌సిక్ దాన్ని తిన్నగా రిజర్వాయరులోకి తోలాడు. తర్వాత ఎండబెట్టి, "చుక్క నీళ్ళు తగల్లేదు" అని ఎవరో దళారికి అంటగట్టాడు.

"ఈసారి నీళ్ళు తాగిన కారు తెచ్చావో, అందులోనే పడుకుందువుగాని" అంది ఓక్‌బున్.

"మునిగిన కారును పసిగట్టడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలోనే లేడే!" అన్నాడు మాన్‌సిక్. అదీ నిజమే. కాకపోతే ఆ విద్య అతను కొనేవైపు నించుని నేర్చుకున్నది కాదు.

పక్క ఊళ్ళో, రిటైరైన తాక్ మాస్టారు అమ్మకానికి పెట్టిన కారు ఎర్రగా మెరిసిపోతోంది. మాన్‌సిక్ బానెట్ ఎత్తి చూశాడు, ఇంజను చప్పుడు విన్నాడు. సీటు బెల్టు చివరికంటా లాగాడు. ఆఖరి జానెడులో బురద గీత!

"మాస్టారూ, ఇది మునిగిన కారండీ!"

"అయ్యయ్యో! మొదటి ఆసామి దీన్ని ప్రాణంలా చూసుకున్నాడని నాకమ్మిన దళారి చెప్పాడే!"

"చూసుకునే ఉంటాడు, ఒడ్డు మీంచి!" మాన్‌సిక్ చాప ఎత్తి వాసన చూశాడు. "చేపల కంపు! సముద్రంలోనే మునిగింది!"

మాస్టారు తెల్లబోయి తానే పానా తెచ్చారు. సీట్లు ఊడాయి. ఊరంతా పోగైంది. తన మేనమామ కారు డిక్కీలో ఆక్టోపస్ కాపురం పెట్టిందనీ, ఎవరైనా దగ్గరికెళ్తే అదే హారను కొట్టేదనీ ఒకాయన ఒట్టేశాడు. మధ్యాహ్నానికి సీట్లన్నీ మాస్టారి మిరపమడిలో ఉన్నాయి.

"నలభై ఏళ్ళు నీతిపాఠం చెప్పి, మునిగిన కారు అమ్మబోయానా!" అని మాస్టారు కుంగిపోయారు.

"మీ తప్పేముందండీ? ఆ మొదటి ఆసామికుండాలి సిగ్గూ శరం! వాణ్ణి ఇందులోనే పడుకోబెట్టాలి!" అన్నాడు మాన్‌సిక్.

ఊరంతా అవునంటే అవునంది.

అప్పుడు స్పేరు టైరు కింద దొరికింది, దారం చుట్టిన ఎండుచేప. దిష్టి తగలకుండా కారులో దాన్ని దాచుకోవడం అక్కడ మామూలే. కాకపోతే ఎవరైనా తెల్లదారమే చుడతారు. దీనికున్నది నీలిదారం.

భర్త వెంట వచ్చి అంతదాకా మాస్టారి అరుగు మీద సోయా మొలకల తోకలు గిల్లుతూ కూర్చున్న ఓక్‌బున్ లేచొచ్చి చేపను అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెల్లదారం అయిపోతే బొంత కుట్టే దారం చుట్టాను. ఈ ముడి నాదే. ఏమయ్యా, రంగేస్తే మన కారునే పోల్చుకోలేకపోయావా?"

మాన్‌సిక్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాస్టారూ, ప్రాణంలా చూసుకున్న మాట నిజమేనండీ."

మాస్టారు కారు తాళం అతని చేతిలో పెట్టారు. బేరమాడే మొహం మాన్‌సిక్‌కు లేదు. శనివారం టోఫూ వేళకే సంతకు చేరింది.

కారు బాగానే నడుస్తోందట. వెనక సీటే కాళ్ళు చాపుకోవడానికి కాస్త పొట్టి అంటున్నాడు మాన్‌సిక్.