ముందు సంతకం ఎవరిది

ఎనిడ్ హార్డ్‌కాసిల్ ఆ శనివారం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పొద్దున్నే సంతకాలు కానిచ్చేసి, ఓ కప్పు టీ తాగి, కూతురు గ్లెనిస్‌ను ఒంటి గంట రైలెక్కిద్దామనుకుంది. సంతకాలు పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద. రేపెప్పుడైనా తనకు మతి తప్పితే, తన బదులు నిర్ణయాలు తీసుకునే అధికారం గ్లెనిస్‌కూ కొడుకు నైజెల్‌కూ ఇస్తూ రాసిపెట్టాలి. మతి ఉండగానే రాయాలి. పోయాక రాస్తే చెల్లదు.

ఆ తొందర ఊరికే రాలేదు. ఎనభై ఒకటో ఏట ఆమె ఈ మధ్య మాటలు మరచిపోతోంది. మంగళవారం జ్ఞాపకశక్తి పరీక్షకు రమ్మని ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడేమంటారోనని ఎనిడ్‌కు నిజంగానే భయం. చెల్లెలు హిల్డా ఈ కాగితం రాయకుండానే మతి పోగొట్టుకుంది. కోర్టు ఎవరో ముక్కూముఖం తెలియని మనిషిని పెట్టింది. ఆయన హిల్డా పియానోను పాత సామాన్ల కింద లెక్కేసి పంపించేశాడు.

ఫారం లైబ్రరీలో ప్రింటు తీయించింది. పక్కింటి పికిల్స్ గారిని పిలిచింది. ఆయన ఒకప్పుడు మందుల షాపు నడిపారు. ఇంటిపేరే ఊరగాయ గానీ, మనిషిలో ఉప్పూ కారం లేవు. ఎనిడ్ ఎవరి బలవంతమూ లేకుండా, తెలిసే ఈ పని చేస్తోందని ధ్రువీకరించడం ఆయన వంతు. అంతా సిద్ధమైందనుకుంది ఎనిడ్. ఇల్లలకగానే పండగ కాదు.

పికిల్స్ గారు గుమ్మంలో బూట్లు తుడుచుకుంటూ ఉండగానే నైజెల్ పెన్ను తీసి తన గడిలో బరబరా సంతకం పెట్టేశాడు.

"పెట్టేశానమ్మా. ఇంకేంటి?"

"ఇంకేముంది, చెడగొట్టావు," అన్నారు పికిల్స్ గారు. "ముందు మీ అమ్మగారు, తర్వాత నేను, ఆ తర్వాతే మీరు. వరస తప్పితే వాళ్లు తిప్పి పంపేస్తారు."

"మొదట్నుంచీ వీడింతే," అంది గ్లెనిస్. "కడుపులోంచి కూడా నెల ముందే వచ్చాడు."

రెండో కాపీ తీశారు. ఈసారి ఎనిడ్ ముందు సంతకం చేసింది. పికిల్స్ గారు కళ్లజోడు వెతుక్కుంటున్నారు. రైలు టైము తలచుకుని గ్లెనిస్ సాక్షి గడిలో తన పేరు రాసేసింది.

"ఆ అధికారం పుచ్చుకుని అటార్నీగా ఉండేవాళ్లు ఆవిడ సంతకానికి సాక్షిగా ఉండకూడదమ్మా," అన్నారు పికిల్స్ గారు, కళ్లజోడు దొరికాక.

"భలే, అక్కా," అన్నాడు నైజెల్. "నేను తొందరపడితే తప్పు, నువ్వు తొందరపడితే తెలివా?"

పికిల్స్ గారు ఇద్దర్నీ చూసి గొంతు సవరించుకున్నారు. ఇక సంతకాల సంగతి తర్వాత, ముందు ఎనిడ్‌తో ఒంటరిగా మాట్లాడాలన్నారు. ఆయనా ఎనిడూ చెడిపోయిన కాపీలు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లారు. మూడో కాపీ వంటింటి బల్ల మీద ఉండిపోయింది, అక్కాతమ్ముళ్ల మధ్య.

వంటింటికీ ముందు గదికీ మధ్య గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ ఉంది. దాని తలుపు సరిగా పడదు. అందులోంచి ఎనిడ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఆ రెండూ పనికిరావు పికిల్స్ గారూ. ఇంకా ఎందుకు దాచుకోవడం? అవతల పారేద్దాం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనల్నేరా," అంది గ్లెనిస్, నెమ్మదిగా. "మనుషుల్లా కూడా అనలేదు. రెండూ అంది."

"నీ వల్లే. నాలుగు నెలలకోసారి వచ్చి అమ్మ అల్మారాలు సర్దేస్తావు."

"నువ్వు వీధి చివరే ఉండి ఏం చేశావు? బాయిలర్ చెడిపోతే రెండు వారాలు చూద్దాం చూద్దాం అన్నావు."

"సరే, నీ పేరు తీసేస్తే నన్నైనా ఉంచుతుంది," అంటూ నైజెల్ మూడో కాపీలో అక్క పేరు కొట్టేశాడు. గ్లెనిస్ పెన్ను లాక్కుని తమ్ముడి పేరు కొట్టేసింది. ఆ లాగుళ్లలో టీ కప్పు ఒరిగి, మిగిలిన పేరు, అంటే ఎనిడ్ పేరు కూడా, టీలో కలిసిపోయింది.

తలుపు తీసుకుని ఎనిడ్ వచ్చింది. బల్ల వంక చూసింది. లైబ్రరీ పన్నెండింటికి మూసేస్తుంది. గడియారంలో పన్నెండూ పది.

"అమ్మా, మమ్మల్ని తీసేస్తున్నావని..." గ్లెనిస్ తడిసిన కాగితాన్ని రుమాలుతో అద్దింది. "నువ్వు తీసేసినా తప్పు లేదులే. నీకు హిల్డా పిన్ని గతి పట్టించింది మేమే."

"నేను పారేద్దామన్నది పాడైన కాగితాల్ని," అంది ఎనిడ్. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అల్మారా తీసి, పళ్లేల కింద నుంచి కవరు లాగింది. "కూర్చోండి. మిమ్మల్ని కన్నదాన్ని నేను. అయిదు కాపీలు తీయించాను."

ఆపైన ఆమె ఎవర్నీ పెన్ను ముట్టనివ్వలేదు. ఇద్దరూ ప్రతి పనికీ ఒప్పుకుని తీరాలి అనే గడి వదిలేసి, కలిసి గానీ ఎవరికి వారు గానీ చేయవచ్చు అనే గడిలో టిక్కు పెట్టింది.

"లేకపోతే బాయిలర్ మీద మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేలోగా నేను చలికి బిగుసుకుపోతాను," అంది.

తను సంతకం చేసింది, పికిల్స్ గారు సాక్షిగా సంతకం పెట్టారు, ధ్రువీకరించారు. చివరికి అక్కాతమ్ముళ్ల వంతు వచ్చింది. ఒకరి సంతకానికి ఒకరు సాక్షి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి తేదీలు వేశారు.

పికిల్స్ గారు లేచి కళ్లజోడు మడిచారు. "మీ అమ్మగారి తెలివికి నేను పూచీ. మీ ఇద్దరి తెలివి గురించి అడిగే గడి ఫారంలో లేకపోవడం మీ అదృష్టం."

గ్లెనిస్ కోటు వేసుకుంటూ, కవర్లో మిగిలిన అయిదో కాపీ చూసి ఆగింది.

"అమ్మా, అది నేను తీసుకోనా? నాకు అటార్నీగా నువ్వుండు."

ఎనిడ్ కవరు మళ్లీ పళ్లేల కింద పెట్టేసింది.

"ముందు నన్ను మంగళవారం పరీక్ష పాసవ్వనీ," అంది.